మీకు తెలుసా? కశ్మీర్ మల్బరీకి వేరొకటి, ఆకొకటి

హిందూపురం, పలమనేరు పట్టు రైతులు వీ-1 మల్బరీ కొమ్మ ముక్కను నాటితే చాలు, వేరు పట్టేస్తుంది. కశ్మీర్‌లో పెంచే జపాన్ రకం గోషోయెరామికి ఆ గుణం లేదు; ఆకు మేలైనదే గానీ కొమ్మకు వేళ్లు సరిగా రావు. అందుకే విత్తనంతో పెంచిన నాటు మల్బరీ వేరుకు దాన్ని అంటుకడతారు. వేరును ఏటవాలుగా కోసి నొక్కితే బెరడు కట్టెను వదిలి సంచిలా తెరుచుకుంటుంది. ఇంకా చిగురించని కొమ్మను చెక్కి అందులోకి దింపుతారు. నేరుగా గింజలే నాటవచ్చు కదా అంటారేమో. మల్బరీ పుప్పొడి గాలిలో తేలివస్తుంది కనుక గింజ మొక్కల్లో తల్లి గుణం నిలవదు. అంటుమొక్కలో ఆకు మాత్రం కోరిన రకానిదే.

సులువుగా వేరు పట్టే వీ-1కు ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న సబబే. ఆరోగ్యంగా ఉన్న నేలలో అవసరం లేదు, అదనపు ఖర్చు కూడా. కానీ వేరుబుడిపె నులిపురుగులు, వేరుకుళ్లు చేరిన తోటలో ఎంత జోరైన రకమైనా కుంగిపోతుంది. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు బారి నుంచి ఐరోపా ద్రాక్ష తోటలను కాపాడింది అమెరికా ద్రాక్ష వేళ్లపై కట్టిన అంట్లే. మల్బరీలోనూ ఆ దారి వెతకాలని నా గట్టి అభిప్రాయం. అయితే గింజ మొక్కలు ఒక్కోటీ ఒక్కో తీరు. తట్టుకునే వేరును ఎంచి, కొమ్మల ద్వారానే పెంచి, మన నేలల్లో పరీక్షించాలి. అంటు కింద లేచే పిలకలను ఎప్పటికప్పుడు తుంచాలి. లేకుంటే నాటు కొమ్మలే పైరకాన్ని అణిచేస్తాయి.