అరచేతిలో దాగే కత్తి

జావా పల్లెల్లో వరి కోతకు ఒకప్పుడు కొడవలి వాడేవారు కాదు. 'అని అని' అనే చిన్న కత్తితో ఒక్కో వెన్నూ కోసేవారు. పైరులో కొలువుండే ధాన్యదేవత దేవిశ్రీ బెదిరిపోకూడదట! అందుకే ఆ కత్తి అరచేతిలో దాగిపోయేంతే ఉంటుంది.

ఆ నమ్మకం చాటున పేదల కడుపు నింపే ఏర్పాటూ ఉండేది. కోతలంటే ఊరి ఆడవాళ్లంతా చేలోకి దిగేవారు. సెంటు భూమి లేనివాళ్లనూ రైతు కాదనేవాడు కాదు. కోసినదాంట్లో కొంత వాళ్లకే. ఆ వాటా పేరు 'బావొన్‌'.

1970 ప్రాంతంలో హరితవిప్లవం ఊళ్లలోకి వచ్చింది. కొత్తగా వచ్చిన పొట్టి వంగడాలకు కొడవలే అనువు. పైరు పొలంలో ఉండగానే వ్యాపారులు గుత్తకు కొనేసి, తమ కూలీలనే తెచ్చుకోవడం మొదలెట్టారు. వడ్లు దంచే పనిని రైసుమిల్లులు లాగేసుకున్నాయి.

దిగుబడులు మాత్రం పెరిగాయి. 1984లో ఇండొనేషియా బియ్యం విషయంలో స్వయంసమృద్ధి సాధించింది. దేశానికి తిండి దొరికింది కానీ, చాలా ఊళ్లలో భూమిలేని ఆడవాళ్లకు కోత పని పోయింది. దాంతోపాటే, అడగకుండా ఇంటికొచ్చే ఆ గుప్పెడు వడ్లూ పోయాయి.