నందికొండ జలాశయమున పడవకు డిజిటల్ పటము నెన్నుకొను విధము

నందికొండకడ కృష్ణపై నిర్మింపబడిన నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. 1967లో శ్రీమతి ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. నాటినుండి ఈ జలాశయము రైతులకు పంటను, చేపలు పట్టు సభ్యులకు జీవనమును ఇచ్చుచున్నది. ఇప్పుడు మరపడవకు జి.పి.యస్. యంత్రము నమర్చుకొనవచ్చును. యంత్రమును కొనుట సులభము. అందు వేయదగిన పటము నెన్నుకొనుట కష్టము. పటము తప్పైనచో వల చిరుగును, పడవ అడుగు పగులును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున ఈ నాలుగు విషయములను సభ్యులకు విన్నవించుచున్నాము.

మొదటిది, పటములో మన జలాశయము నిజముగా నున్నదా యనునది. యంత్రము ఉపగ్రహముల సంకేతములనుబట్టి పడవ యెచ్చట నున్నదో కొన్ని మీటరుల తేడాతో చెప్పగలదు. నీటి అడుగున నేమున్నదో అది యెఱుగదు. దానిని పటమే చెప్పవలయును. పెట్టెపై ‘ఇండియా’ యని యున్నంతమాత్రమున చాలదు. అది సముద్రతీరములకు మాత్రమే చెందినది కావచ్చును. అంగడిలోనే నందికొండను తీసి చూపుమని యడుగుడు. లోతుగీతలు లేక నీలిరంగు మాత్రమే కనబడినచో అది ఒడ్డును చూపు బొమ్మయే గాని లోతును దెలుపు పటము గాదు. ఉపగ్రహ ఛాయాచిత్రము సైతము తీసిననాటి నీటి అంచును మాత్రమే చూపును.

రెండవది అన్నిటికంటె ముఖ్యము. పటములోని లోతులు ఏ నీటిమట్టమునుండి లెక్కింపబడినవి? మన జలాశయపు నిండు మట్టము 590 అడుగులు. సేద్యమునకు నీరు తీయగా 510 అడుగులవఱకు దిగవచ్చును. అనగా 80 అడుగుల తేడా. నిండు మట్టమున 60 అడుగుల లోతని పటము చెప్పినచోట, మట్టము 540కి దిగిననాడు 10 అడుగులే యుండును. 530కి దిగినచో అచ్చట నేల తేలును. కావున ఏ మట్టమో చెప్పని పటమును కొనరాదు. ఆనాటి మట్టమును పత్రికలో చూచి, 590నుండి తగ్గిన అడుగులను పటపు లోతులోనుండి తీసివేయవలయును. అంకెలు అడుగులో మీటరులో కూడ చూచుకొనుడు. మీటరు మూడడుగులకు కొంచెము పైన. ఈ తేడా నెఱుగనివాడు 10 మీటరులను 10 అడుగులని భ్రమపడును.

మూడవది పటము యొక్క వయస్సు. ఈ జలాశయము తొలుత 408 టి.యం.సి.ల నీటికై లెక్కింపబడినది. పూడిక చేరుటచే పిమ్మటి కొలతలో 312గా తేలినది. అడుగు మాఱుచుండగా పాత లోతును నమ్మరాదు. ఎప్పుడు కొలిచిరో అడిగి తెలిసికొనుడు.

నాలుగవది చోటు సరిపోవుట. నీరు నిండకమునుపు ఇచ్చట ఇక్ష్వాకుల విజయపురి శిథిలములుండెను. 1954 మొదలు 1960 వఱకు అచ్చట త్రవ్వకములు జరిగెను. ఆ లోయలోని గుట్టలను దెలిసికొనుటకు సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటములు ఉపకరించును. కాని వారు భూమి ఆకృతికి గైకొన్న లెక్క వేఱు, జి.పి.యస్. లెక్క వేఱు. సవరింపక యంత్రములో వేసినచో నూఱు మీటరులకు మించి తప్పవచ్చును. పడవను రేవున కట్టి యంత్రమును చూడుడు. పడవ గుర్తు ఒడ్డుపై నేలమీదనో, రేవునకు దూరముగా నీటి నడుమనో కనబడినచో ఆ పటము సరిపోదు.

ఇట్టి పరీక్షలకు నిలుచు పటము దొరకనిచో సంఘమే పటము నేర్పఱచుకొనవచ్చును. ధ్వనిచే లోతును కొలుచు సాధనము నొకటి ఉమ్మడిగా కొని, లేదా గుండుకట్టిన త్రాడుతో కొలిచి, చోటును, లోతును, తేదీని, ఆనాటి మట్టమును ఒక పుస్తకమున వ్రాయుడు. కొలిచిన లోతునకు ఆనాడు 590కి తక్కువగానున్న అడుగులను కూడినచో అన్ని అంకెలు ఒకే మట్టమునకు వచ్చును. వల తగిలిన మోడును, రాతిని ఒకడు వ్రాసిపెట్టినచో పదిమంది వలలు నిలుచును. ఒంటరిగా దాచుకొన్న జ్ఞానము ఒక పడవకే చాలును. సంఘములో చేరిన జ్ఞానము రేవులోని పడవలన్నిటిని కాపాడును.