మద్యము - జన్యువులు - అపోహలు

ఇక్కడ ట్రాయ్‌లో మన ఇళ్ళ విందులలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: ధ్రువప్రాంతపు ఇనూయిట్లకు త్రాగుడు రక్తంలోనే ఉన్నదట! మన మన్యపు గిరిజనులను గురించి కూడా ఇదే మాట అంటూ ఉంటాము. ఇందులో నిజమెంత?

మద్యంలోని ఇథైల్ ఆల్కహాలు కాలేయంలో రెండు దశలలో మార్పు చెందుతుంది. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దానిని ఎసిటాల్డిహైడుగా మారుస్తుంది. ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే మరొక ఎంజైము ఆ విషపదార్థాన్ని ఎసిటేటుగా మారుస్తుంది. తూర్పు ఆసియా వాసులలో పలువురికి ఈ రెండవ ఎంజైము సరిగా పనిచేయదు. త్రాగగానే వారి ముఖం ఎర్రబడి, గుండెదడ పుడుతుంది. ఈ లోపం వ్యసనాన్ని పెంచదు సరికదా, తగ్గిస్తుంది.

ఇనూయిట్ల శరీరంలో మద్యం నెమ్మదిగా హరిస్తుందని 1971లో కెనడాలో ఒక పరిశోధన ప్రకటించింది. కాని పరీక్షకు తీసుకున్నవారిలో పలువురు ఆసుపత్రి రోగులు. 1976లో అమెరికన్ ఇండియన్లను శ్వేతజాతీయులతో పోల్చి చూడగా చెప్పుకోదగిన భేదమేమీ కనిపించలేదు.

మన మిషిగన్‌కూ ఈ కథతో సంబంధం ఉన్నది. మద్యవ్యసనాన్ని గుర్తించే ఒక ప్రసిద్ధ ప్రశ్నావళి మన రాష్ట్రం పేరుతోనే 1971లో వెలువడింది. అలాస్కాలోని బారో పట్టణంలో (నేటి ఉట్కియాగ్విక్) 88 మందిని ఆ ప్రశ్నలే అడిగి, వారిలో 72 శాతం వ్యసనపరులని 1980లో పత్రికలకు వెల్లడించారు. "ఎప్పుడైనా" అని అడిగే ప్రశ్నలకు ఏనాడో మానివేసినవారు కూడా "అవును" అనే చెప్పాలి కదా! ఆ వార్త ఊరివారికి అవమానాన్ని, ఆగ్రహాన్ని మిగిల్చింది.

వాస్తవానికి కెనడా ఇనూయిట్లలో మద్యం ముట్టనివారి శాతం దేశపు సగటు కంటె ఎక్కువ. త్రాగేవారిలో కొందరు ఒకేసారి అతిగా త్రాగడమే అక్కడి సమస్య. దాని వెనుక బలవంతపు తరలింపులు, పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసిన వసతి పాఠశాలల చరిత్ర ఉన్నది. నూనవుట్‌లో కొన్ని గ్రామాలు ఓటు వేసి మరీ మద్యాన్ని నిషేధించుకున్నాయి.

వ్యసనంలో వంశపారంపర్యానికి పాత్ర లేదని కాదు. ఉన్నది, కాని అది ఏ ఒక్క జాతికో పరిమితం కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. ఆ తల్లులు భర్తల రక్తాన్ని నిందించలేదు, వీధిలోని దుకాణాన్ని నిలదీశారు. లోపం రక్తంలో ఉన్నదనుకుంటే చేతులు ముడుచుకుని కూర్చోవలసినదే. అంగడిలో ఉన్నదని తెలిస్తే చేయవలసిన పని కనిపిస్తుంది.