పొద్దుగూకాక ఒక యూనిట్ ఖరీదు

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల పక్కనే ఉన్న కాకరాపల్లి తంపరలో (చిత్తడి నేలలో) 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టారు. జనం వద్దన్నారు. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. బొగ్గు వద్దంటే పొద్దుగూకాక కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారని నిలదీసేవాళ్లకు చాలామంది చెప్పే సమాధానం గ్యాస్. ఆ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేద్దాం.

సాయంత్రం 4 గంటలపాటు 1,000 మెగావాట్లు కావాలనుకుందాం. అంటే 40 లక్షల యూనిట్లు. ఇంధనం వేడిలో సగాన్ని కరెంటుగా మార్చే కంబైన్డ్ సైకిల్ ప్లాంటు యూనిట్‌కు సుమారు 0.19 ఘనపు మీటర్ల గ్యాస్ కాలుస్తుంది. మొత్తం 7.6 లక్షల ఘనపు మీటర్లు. రోజంతా నడిపితే ఇది 45 లక్షలు దాటుతుంది. ఓడలో వచ్చే ద్రవరూప గ్యాస్ ఎల్ఎన్‌జీ పది లక్షల బీటీయూల వేడికి 10 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే ఇంధనం ఖర్చే యూనిట్‌కు సుమారు 5.80 రూపాయలు.

అసలు చిక్కు ఇక్కడ కాదు. ప్లాంటు నడిచినా నడవకపోయినా అప్పుల వడ్డీ, జీతాలు ఆగవు. మెగావాటుకు ఏడాదికి 60 లక్షల స్థిర ఖర్చు అనుకోండి. దాదాపు ఏడాదంతా నడిస్తే అది యూనిట్‌కు 80 పైసలు. రోజుకు 4 గంటలే నడిస్తే 4 రూపాయలు దాటుతుంది. ఇంధనంతో కలిపి 10 రూపాయలు. రోజూ సాయంత్రం ఈ ధర భరించడం నా దృష్టిలో తప్పు. ఆ పనికి పగటి సౌర విద్యుత్తుతో నీటిని పైకి తోడి నిల్వచేసే కేంద్రాలున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలోది 1,680 మెగావాట్లు, సుమారు 6 గంటలు ఇస్తుంది. కానీ ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే పైకి తోడడానికే కరెంటుండదు. గ్యాస్ నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే.

  

ఆ కొద్ది రోజులకోసం కొత్త కేంద్రం ఎందుకు? 2009లో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి మొదలయ్యాక, దాన్ని నమ్ముకుని గోదావరి జిల్లాల్లో ప్లాంట్లు కట్టారు. కొన్నేళ్లకే ఉత్పత్తి పడిపోయి, అవి చాలావరకు పనిలేకుండా మిగిలాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ తలపెట్టిన 2,400 మెగావాట్లలో కొన్ని యంత్రాలు బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి. మిగిలిన ప్లాంట్లకు సిద్ధంగా ఉన్నందుకు కొంత చెల్లించి, అవసరమైన రోజుల గ్యాస్‌కు ముందే ఒప్పందం చేసుకుంటే చాలు. తంపరలో మరో ఎకరం అడగాల్సిన పని లేదు.