అంకెలో ఉందా నాదం?

1984లో వచ్చిన ‘దిస్ ఈజ్ స్పైనల్ టాప్’ చిత్రం చూసినవాళ్లెవరూ ఆ సన్నివేశం మరిచిపోరు. అందులో గిటారిస్టు నైజెల్ తన యాంప్లిఫయర్‌ని తెగ గర్వంగా చూపిస్తాడు. అందరి వాల్యూమ్ మీటలూ 10తో ఆగిపోతే తనది 11 దాకా వెళ్తుందట! ‘ఆ పదినే ఇంకాస్త గట్టిగా మోగేలా చేస్తే సరిపోదా?’ అని అడిగితే కాసేపు తెల్లమొహం వేసి, మళ్లీ అదే పదకొండు పాట పాడతాడు.

అది చూసి పడీపడీ నవ్వే కుర్రాళ్లే, ఎలక్ట్రిక్ గిటారుకి పికప్ కొనే వేళకి అచ్చం నైజెల్‌లా మాట్లాడతారు. ‘ఇది 8 కిలో ఓములే గురూ! అది 14. అదే గట్టిది’ అంటారు. నిజమేనా?

అసలు పికప్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ మీటితే అయస్కాంత క్షేత్రం కదిలి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 2008 నాటి ‘ఇట్ మైట్ గెట్ లౌడ్’ డాక్యుమెంటరీ మొదట్లోనే జాక్ వైట్ ఒక చెక్కముక్క, మేకులు, ఖాళీ సీసా, ఒక్క తీగ, ఒక పికప్‌తో గిటారు తయారుచేసి మోగించేస్తాడు!

మరి కిలో ఓములు? అవి ఆ రాగి తీగ నిరోధం మాత్రమే. మీటరు పెడితే చిటికెలో తెలుస్తుంది కనక ఆ అంకెకి అంత ప్రచారం. అదే తీగ ఇంకాస్త సన్నదైతే, చుట్లు పెరగకుండానే అంకె పెరుగుతుంది. ఎండాకాలం వేడికీ పెరుగుతుంది. మోత మాత్రం పెరగదు. అయస్కాంతం బలమెంతో ఆ అంకె చెప్పనే చెప్పదు. గ్రెచ్ గిటార్ల ఫిల్టర్‌ట్రాన్ పికప్ సుమారు 4 కిలో ఓములే. దాన్ని నీరసమని ఎవరంటారు?

తీగ, అయస్కాంతం, తయారీ ఒకటే అయితే మాత్రం అంకె కొంత పనికొస్తుంది. చుట్లు పెరిగితే మోత పెరుగుతుంది, పై స్థాయి తళుకు తగ్గుతుంది. పాత స్ట్రాటోకాస్టర్ పికప్ 6 కిలో ఓముల దరిదాపుల్లో ఉండి ఖంగుమంటుంది. 1970లలో డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ 13 దాటి, యాంప్లిఫయర్‌ని ఇట్టే గర్జింపజేస్తుంది. గొంతు మాత్రం బరువు.

ఒక్క చుట్ట పికప్‌కి ఇంకో జబ్బుంది: కరెంటు గుర్రుమనే హమ్. 1955లో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ రెండు చుట్టలు ఎదురెదురుగా కలిపి దాని నోరు నొక్కేశాడు. అదే హంబకర్. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లకెక్కింది. అన్నట్టు, ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’లో మార్టీ 1955 నాటి డాన్సులో వాయించే గిబ్సన్ ఈఎస్-345 అప్పటికింకా పుట్టనే లేదు. కాలయానం చేసింది హీరో ఒక్కడే కాదు, గిటారు కూడా!

మరి పికప్‌ని పరీక్షించేదెలా? గట్టిగా వినబడేదే బాగుందనిపించడం చెవి స్వభావం. కాబట్టి ముందు మోత సమానం చెయ్యాలి, తర్వాతే నాదం పోల్చాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో వాయించి కూడబెట్టిన డబ్బంతా కొత్త పికప్‌కి పోయబోతున్న మిత్రుణ్ణి ఇలాగే కూర్చోబెట్టాను. అతని పాతదీ, అరువు తెచ్చిన 14 కిలో ఓములదీ ఒకే కేబుల్‌తో, ఒకే పల్లవితో రికార్డు చేసి, వాల్యూమ్ సమానం చేసి, పేర్లు చెప్పకుండా వినిపించాను. మూడుసార్లూ పాతదాన్నే ఎంచుకున్నాడు! డబ్బు మిగిలింది.

ఇంకో కిటుకు. చివరి మెట్టు దగ్గర తీగ నొక్కిపట్టి, పికప్‌కీ తీగకీ మధ్య దాదాపు 2 మిల్లీమీటర్ల సందుంచి మొదలుపెట్టండి. స్క్రూ తిప్పి పైకి తెస్తే మోత, కిందికి దించితే స్పష్టత. మరీ పైకి తెచ్చారో, అయస్కాంతం తీగని లాగి శృతి చెదురుతుంది.

పర్సు తియ్యకముందు స్క్రూడ్రైవర్ తియ్యండి. అంకె మీటరుకి. నాదం మీ చెవికి.