నొప్పి లేదని గడ్డను వదిలేయొద్దు!

‘కొవ్వు కంతేలే సార్‌, నొప్పేం లేదు’... లింగాల వైపు చీనీ, అరటి తోటల నుంచి మా ఓపీకి వచ్చేవారు తరచూ అనే మాటిది. చాలావరకు నిజమే. కానీ కండరాలు, కొవ్వు, నరాల వంటి మెత్తటి కణజాలంలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్‌ కూడా మొదట్లో నొప్పి లేకుండానే పెరుగుతుంది. పెద్దల్లో వచ్చే క్యాన్సర్లలో ఇది సుమారు 1 శాతమే. అరుదు కాబట్టే పొరబడే వీలెక్కువ.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, అంటే నిమ్మకాయను మించి చీనీకాయంత అవుతున్నా, లోతుగా ఉన్నా, తీసేశాక మళ్లీ వచ్చినా తొందరపడి కోయించుకోకండి. ముందు స్కానింగ్‌, తర్వాత సూదితో ముక్క పరీక్ష చేయించుకోండి. అదేమిటో తెలియకుండా కోస్తే క్యాన్సర్‌ కణాలు చుట్టూ మిగిలిపోవచ్చు. అప్పుడు రెండో ఆపరేషన్‌ పెద్దదవుతుంది. ఒక్కోసారి కాలో చెయ్యో దక్కించుకోవటమే కష్టమవుతుంది.

ముక్కను మైనపు దిమ్మలో బిగించి, పలచటి పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపుతో చూస్తారు. కొన్ని రకాలు అచ్చం ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు జన్యు పరీక్షే దారి చూపుతుంది. కొవ్వు గడ్డలా ఉన్నా, ఎండీఎం2 జన్యువు ప్రతులు బాగా పెరిగి ఉంటే లైపోసార్కోమాగా అనుమానిస్తారు. ఎక్స్‌, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కుంటే సైనోవియల్‌ సార్కోమా. రకాన్ని బట్టే చికిత్స.

ఈ పరీక్షలు అన్నిచోట్లా ఉండవు. అయితే రోగి వెళ్లనక్కర్లేదు, మైనపు దిమ్మ వెళ్తే చాలు. కాబట్టి రిపోర్టుతో పాటు దిమ్మ, స్లైడ్లు అడిగి తీసుకుని భద్రపరచుకోండి. తీసిన గడ్డ ఎంత చిన్నదైనా పరీక్షకు పంపకుండా పారేయనివ్వకండి.