మన వేలిముద్ర దొంగ చేతిలో పడితే

ఇస్సాకు ఇంట్లో జరిగిన మోసం మనందరికీ తెలిసిందే. ఆదికాండము 27వ అధ్యాయంలో చదువుతాం. చూపు మందగించిన తండ్రి దగ్గరికి చిన్న కొడుకు అన్న బట్టలు తొడుక్కుని, చేతులకు మేకపిల్లల తోలు కప్పుకుని వెళ్లాడు. గొంతు విన్న తండ్రికి అనుమానం వచ్చింది. అయినా చేతులు తడిమి చూసి నమ్మాడు, దీవెన ఇచ్చేశాడు. పెద్ద కొడుకు వేట నుంచి తిరిగొచ్చేసరికి అతని దీవెన అతని పేరు మీదే ఇంకొకరికి వెళ్లిపోయింది. అతడు బిగ్గరగా ఏడ్చాడు.

ఈ రోజుల్లో తడిమి చూసే పని ఒక చిన్న యంత్రం చేస్తోంది. ఊళ్లో బ్యాంకు సేవా కేంద్రంలో ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే డబ్బు చేతికొస్తుంది. ఓటీపీ అడగదు, కార్డు అడగదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చదువురాని తల్లులకు ఇది మేలైన ఏర్పాటే. అయితే మేకతోలు కప్పుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూముల దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసి, రబ్బరు ముద్రలు చేయించి, ఊరూపేరూ తెలియనివారి మీద వేలాది సిమ్‌లు నడిపించాడు. తర్వాత ఇదే పద్ధతిలో బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు కూడా తెలుగు రాష్ట్రాల్లో దొరికాయి. అంటే పొలం అమ్మినా కొన్నా మనం వేసిన ముద్రే మన మీదికి రావచ్చు.

ఇలా జరిగిందని తెలిసిన రోజు ఏం చేయాలి? ఏడుపు వస్తుంది, సిగ్గు వేస్తుంది. కానీ మొదటి గంటలు చాలా విలువైనవి. వరుసగా చూద్దాం.

మొదటిది, 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు. డబ్బు ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే దాన్ని అక్కడే ఆపించే వీలుంది. ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ఏ ఖాతా అన్నది మెసేజ్ చూసి చెప్పండి. వారిచ్చే ఫిర్యాదు నంబరును కాగితం మీద రాసుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

రెండవది, అదే రోజు బ్యాంకుకు వెళ్లండి. నోటిమాట చాలదు. రెండు కాపీలు రాసి, ఒకటి వారికిచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కార్డు ఆపించండి, వేలిముద్రతో డబ్బు తీసే సౌకర్యాన్నీ ఆపమని అడగండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై ఆదేశం ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడి మోసం వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారు నష్టం భరించనక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత భారం మన మీద పడుతుంది. బ్యాంకు పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపాలి. మన తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. మనమే ఓటీపీ చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినది మన నష్టం, ఆ తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. అందుకే ఆలస్యం చేయవద్దు.

మూడవది, ఆధార్‌కు తాళం వేయండి. ఎం-ఆధార్ యాప్‌లో గాని, ఆధార్ వెబ్‌సైటులో గాని బయోమెట్రిక్ లాక్ చేస్తే మీ వేలిముద్ర ఎక్కడా చెల్లదు. మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో కూడా అక్కడే చూడవచ్చు. ఫోన్ నంబరు ఆధార్‌కు కలిపి లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో కలిపించుకోవాలి. సందేహాలకు 1947కి ఫోన్ చేయండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: తాళం వేసి ఉంటే వేలిముద్రతో ఇచ్చే పింఛను, రేషన్ కూడా ఆగుతాయి. ఆ రోజు కాసేపు తాళం తీసుకోవాలి.

నాలుగవది, మీ పేరు మీద ఇంకేమి నడుస్తున్నాయో చూడండి. ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో తెలుస్తుంది. ఈ సేవ 2021లో మొదట తెలుగు రాష్ట్రాలలోనే ప్రారంభమైంది. మీవి కానివాటిని అక్కడే తప్పుపట్టవచ్చు. మీకు తెలియని అప్పు ఉందేమో సిబిల్ వంటి సంస్థల నివేదికలో కనిపిస్తుంది. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. తప్పుడు అప్పు ఉంటే ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంది. ముంబై, పుణె వలసపోయిన మన పాలమూరు కూలీలు ఈ పని తప్పక చేసుకోవాలి. మేస్త్రీ చేతికిచ్చిన జిరాక్సులు ఎక్కడ తిరిగాయో ఎవరికి తెలుసు?

అయిదవది, పోలీసు ఫిర్యాదు. ఇతరుల గుర్తింపును మోసంతో వాడటం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దొంగ ఎక్కడివాడైనా మీ ఊరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. పరిధి మాది కాదని వెనక్కి పంపకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రేపు మీ సిమ్‌తో ఎవరైనా నేరం చేస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

ఇవన్నీ ఒక్క రోజులో తేలవు. లూకా 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన విధవరాలు న్యాయాధిపతి గడప ఎన్నిసార్లు తొక్కిందో! ఆమెకు ధనం లేదు, పలుకుబడి లేదు. విసుగు లేకుండా తిరగడం ఒక్కటే ఉంది. మీరూ ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఎవరిని కలిశారో, ఏమన్నారో తేదీలతో రాయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448. ఈలోగా డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఫీజు అడిగేవాళ్లు ఫోన్ చేస్తారు. వాడు రెండవ దొంగ.

ఇక సంఘానికి ఒక మాట. బియ్యం పంచేటప్పుడు, దుప్పట్లు పంచేటప్పుడు మనమూ ఆధార్ జిరాక్సులు తీసుకుంటాం. అవి పాస్టరు గారి ఇంట్లో అట్టపెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఇది మన తప్పు. అవసరం లేకుంటే అడగవద్దు, అవసరమైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ తీసుకోండి, పని అయ్యాక కాల్చివేయండి. ఆదివారం ఆరాధన అయ్యాక చదువుకున్న యువకులు ఇద్దరు ఒక బల్ల వేసుకుని కూర్చుని, పెద్దల ఆధార్‌కు తాళం వేయడం నేర్పితే అదీ పరిచర్యే.

నష్టపోయిన తల్లిని "ఎందుకు వేలు పెట్టావమ్మా?" అని మందలించకండి. ఆమె వెంట బ్యాంకుకు నడవండి. సమరయుడు నూనె పోసి కట్టు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ల ఇంటిదాకా తీసుకుపోయాడు, ఖర్చు పెట్టుకున్నాడు, మళ్లీ వస్తానన్నాడు. ఆ మళ్లీ రావడమే ఈ కష్టంలో ఉన్నవారికి ఎక్కువ కావాలి. మన ముద్రను దొంగ చేసుకోగలడేమో గాని, తన గొర్రెలను పేరుపేరునా పిలిచే కాపరిని వాడు మోసగించలేడు. ఆ కాపరి సంఘంలో ఎవరూ ఒంటరిగా బ్యాంకు మెట్లెక్కే పరిస్థితి ఉండకూడదు.